సముద్రం చూడనివాళ్ల సముద్రం

లాలాగూడ,
జూలై 6.

బ్యూలా,

మీ నాన్న నీ ఫోను తీసి బీరువాలో పెట్టి తాళం వేశారని మీ అమ్మ మా అమ్మీకి చెప్పింది. పదో తరగతి పరీక్షలు అయ్యేదాకా ఇవ్వరట. వినగానే నాకు ఏడుపొచ్చింది. తర్వాత లేచి పోస్టాఫీసుకి వెళ్లి కవర్లు కొనుక్కొచ్చాను. కౌంటర్లో ఉన్నాయన "ఏదన్న నౌకరికి అప్లికేషనా బిడ్డా?" అని అడిగాడు. "కాదంకుల్, దోస్తుకు ఉత్తరం" అన్నాను. ఆయన కళ్లజోడు ముక్కు మీదికి జార్చి నన్ను ఓసారి చూసి, గమ్ము సీసా నా వైపు జరిపాడు.

పద్మారావు నగర్ బడిలో ఏడో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఇప్పుడు నువ్వు సముద్రం ఒడ్డున, నేను నేరేడ్‌మెట్‌లో. మా అమ్మీకి ఇక్కడి కొత్త బడి లైబ్రరీలో ఉద్యోగం రాకపోతే నేను దాని గేటు కూడా చూసేదాన్ని కాదు. అక్కడ అసలు ఏం చెప్తారే అని నువ్వు ఎప్పుడూ అడుగుతావు. మిడిల్ ఇయర్స్ ప్రోగ్రాం అంటారు దీన్ని. ఆరు నుంచి పది దాకా. ఏయే దేశాల్లోనో పిల్లలు ఇదే పద్ధతిలో చదువుతారట. ర్యాంకులు ఉండవు. జవాబు చెప్తే "వెరీ గుడ్, కూర్చో" అనరు. "అలా ఎందుకనుకుంటున్నావు?" అని అడుగుతారు. మొదటి సంవత్సరం ఆ మాట వింటేనే నాకు చెమటలు పట్టేవి.

పదో తరగతికి వచ్చాక ఒక్కొక్కరం సొంతంగా ఒక ప్రాజెక్టు చెయ్యాలి. ఏం చెయ్యాలో బడి చెప్పదు, మనమే వెతుక్కోవాలి. నా పక్కమ్మాయి డ్రోన్ తయారు చేస్తోంది. ఇంకొకడు ఎండతో అన్నం వండే పెట్టె చేస్తానన్నాడు. నాకేమీ తోచలేదు. మా సత్యదేవ్ సార్ "ఎవరూ అడగనప్పుడు నువ్వు దేని గురించి ఆలోచిస్తుంటావు?" అన్నారు. నా నోట్లోంచి "సముద్రం" అని వచ్చేసింది. ఎందుకొచ్చిందో నాకే తెలీదు. నేనెప్పుడూ చూడలేదు కదా.

ఇంటికొచ్చి అమ్మీ వాళ్లమ్మని, మా నానిని అడిగాను. "నువ్వు చూసినవా నాని?" అని.

"ఏడ చూస్త బిడ్డా? మా అమ్మగారింటికెల్లి ఈడికొచ్చిన. ఈడికెల్లి ఏడికి పోయిన?" అంది. అని కాసేపు కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. అప్పుడు తట్టింది నాకు. మా వీధిలో సముద్రం చూడనివాళ్లు ఎంతోమంది ఉన్నారు. వాళ్ల లోపల ఒక సముద్రం ఉంటుంది కదా, ఎలా ఉంటుందో మరి! ఒక్కొక్కరినీ అడిగి, వాళ్ల గొంతుతోనే రికార్డు చేసి, ఒక గది నిండా ఆ సముద్రాలు పెడతాను. ఏప్రిల్లో ప్రదర్శన.

నువ్వు మాత్రం నాకు అసలైనది రాయాలి. నాకున్నది ఒక్క నువ్వే అక్కడ.

నీ
జబీన్


ఉప్పాడ,
జూలై 19.

జబీనూ,

నీ కవరు వచ్చినప్పుడు నాన్న చర్చిలో ప్రార్థన చేయిస్తున్నారు. పోస్టుమేన్ తిన్నగా అక్కడికే తీసుకెళ్లి "అయ్యగారూ, మీ అమ్మాయికి సికింద్రాబాదు నించండి" అని అందరి ముందూ ఇచ్చాడు. ఉపవాస ప్రార్థనకి వచ్చినవాళ్లంతా తలలెత్తి చూశారు. నాన్న ఉత్తరం విప్పకుండా నాకిచ్చి, "ఫోనుకన్నా ఇది నయం, రాసుకో" అన్నారు. అంచేత మనకి పర్మిషన్ దొరికినట్టే.

మా బడిలో "అలా ఎందుకనుకుంటున్నావు" అని ఎవరూ అడగరే తల్లీ. "ఎక్కడ తగ్గాయి మార్కులు?" అని అడుగుతారు. రోజూ స్లిప్ టెస్టు. నా చేతికి పెన్ను అతుక్కుపోయింది.

సరే, నీ సముద్రం. మా ఇంటికి దగ్గరేమీ కాదు. మా గోడా చర్చి గోడా ఒకటే కదా, ఆ గేటు దాటితే సరుగుడు తోపు. తోపులోంచి నడుస్తుంటే కాళ్ల కింద మెత్తగా ఉంటుంది, పైన గాలి ఉస్సుమంటూ ఉంటుంది. సముద్రం వచ్చేసిందేమో అనుకుంటావు. కాదు, అది చెట్ల చప్పుడు. తోపు అయ్యాక తారురోడ్డు, రోడ్డు దిగితే పడవలు బోర్లించిన ఇసుక, ఆ ఇసుక మీద ఎండుచేపలు. ఇవన్నీ దాటాక అప్పుడు ఉంటుంది.

పొద్దున్న కడిగిన పలకలా ఉంటుంది. మధ్యాహ్నం దాన్ని చూడలేం, కళ్లు మూతలు పడతాయి. సాయంత్రం గోధుమ రంగులోకి దిగి, ఎవరో పెద్దవాళ్లు పని ముగించుకుని కాళ్లు చాపుకున్నట్టు ఉంటుంది. ఒక అల విరిగాక ఇంకొకటి విరిగేలోపు కాస్తంత నిశ్శబ్దం ఉంటుంది చూడు, ఎవరో ఏదో చెప్పబోయి ఆగినట్టు. నాకు సముద్రంలో అన్నిటికన్నా అదే ఇష్టం.

మీ నానికి నా వందనాలు చెప్పు.

బ్యూలా


లాలాగూడ,
ఆగస్టు 24.

బ్యూలా,

ఆ నిశ్శబ్దం గురించి చదివాక నేను రోజూ దాని కోసం వింటున్నాను. మా ఇంటి వెనక పట్టాల మీద గూడ్సు బండి వెళ్లేటప్పుడు ఒక డబ్బాకీ ఇంకో డబ్బాకీ మధ్య అలాంటిదే ఉంటుంది. ఇన్నేళ్లూ వినలేదు.

నా సముద్రాలు ఒక్కొక్కటే వస్తున్నాయి. ముందు మౌలా అలీ తాత దగ్గరికెళ్లాను. రైల్వే కార్ఖానాలో ఇనుము పోతపోసే షెడ్డులో పనిచేసి రిటైరయ్యాడు. ప్రశ్న వినగానే నవ్వాడు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. రికార్డులో ఆ మౌనం కూడా ఉంది, నేను తీసెయ్యలేదు.

"ఇనుము కరిగినంక కడ్డి తీస్కొని జెర కదిపితే, అదెట్ల కదుల్తదో తెల్సా బిడ్డా? బరువుగ, మెల్లగ, పట్టుబట్ట లెక్క. ముట్టుకోబుద్దైతది. ముట్టుకుంటె చెయ్యి ఉండది. నా నౌకరి అంత గదే సూస్కుంట కూసున్న. అది చల్లగుంటె ఎట్లుంటదో, సముద్రం గట్లుంటది."

పద్మారావు నగర్‌లో మన పాత బడి ముందు పూలమ్మే జగదాంబ గుర్తుందా? ఇప్పటికీ అక్కడే ఉంది. "టీవీల రోజు సూస్తనే ఉన్న, కొత్తగ జెప్పేదేంది?" అని కసిరింది. నేను లేవబోతుంటే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "అవుతలి గట్టు కనవడదంట గద దానికి? నాకు గదే పరేషాన్. గట్టు లేకపోతె, ఈడికెల్లి పిలిస్తె పలికేటోళ్లెవ్వలు?" అంది.

నాని అందరికన్నా ఆఖరున చెప్పింది. అడిగితే తప్పించుకునేది. నిన్న సాయంత్రం అసర్ నమాజు అయ్యాక తనే పిలిచింది. చిన్నప్పుడు వాళ్లింటి డాబా మీంచి పండుగ నమాజులు చేసే ఈద్‌గా కనిపించేదట. "పండుగ నాడు ఎంతమందో జెప్పలేను. అందరు తెల్ల బట్టలు. ఒక్కసారి వంగుతరు, ఒక్కసారి లేస్తరు. గాలికి కుర్తాల అంచులు తెల్లగ ఎగురుతయి. చప్పుడు ఉండది, ఒక్క 'హుమ్' అన్నట్టు వస్తది నేలకెల్లి. సముద్రమంటె నాకు గదే కండ్ల ముందట కనవడ్తది."

బ్యూలా, నేను రోజూ పక్కన పడుకునే మనిషి లోపల ఇంత నీరుందని నాకు తెలీదు.

నీ ఉత్తరం మళ్లీ చదివాను. త్వరగా ఇంకొకటి రాయి.

జబీన్


ఉప్పాడ,
సెప్టెంబర్ 21.

జబీనూ,

మీ నాని మాట అమ్మకి చదివి వినిపించాను. "ఆవిడకి ఎంత చక్కటి సముద్రం ఉందో" అని లోపలికెళ్లిపోయింది.

ఇప్పుడు మాకు వరండాలోంచే కనిపిస్తుంది. మధ్యలో తోపు అడ్డం లేదు. స్టూలు వేసుకుని కూర్చుని సోషల్ చదువుతుంటే, తలెత్తితే అదే, పేజీ తిప్పితే అదే. మా చర్చికొచ్చే చిన్నబ్బాయి మావయ్య తన పడవని చర్చి గోడకే ఆనించి పెట్టుకుంటున్నాడు. ఆదివారం ఆరాధన జరుగుతుంటే కిటికీలోంచి పడవ ముక్కు కనిపిస్తుంది, అది కూడా వాక్యం వింటున్నట్టు.

గాలి మారింది. కాగితం మీద ఉప్పు పడుతోంది, నాలిక ఆనిస్తే తెలుస్తుంది. నీకు పంపే ఈ కాగితం మీద కూడా ఉందేమో చూడు.

అమ్మ అటక మీద సామానంతా దించి మూటలు కట్టింది. బూజులు దులుపుతున్నానంటుంది. "క్రిస్మస్‌కి ఇంకా ఎంతో ఉంది కదమ్మా" అన్నాను. ఇంకో మూట ముడివేసింది.

టెస్టుంది. ఉంటాను.

బ్యూలా


లాలాగూడ,
అక్టోబర్ 12.

బ్యూలా,

కాగితం నాలికకి ఆనించాను. నిజంగానే ఉప్పగా ఉంది! నానికి కూడా ఇచ్చాను. కళ్లు మూసుకుని చప్పరించి "బిస్మిల్లా, సముద్రం తిన్న" అని పిల్లలా నవ్వింది.

నీ మీద నాకు అసూయగా ఉంది. వరండాలోంచి కనిపించడమేంటే! ఇల్లు గాని మారారా? చర్చి పక్కనే అంటున్నావు కాబట్టి మారలేదనుకుంటాను. మా క్లాసు మూడో అంతస్తులో. వానపడే రోజుల్లో మౌలాలి గుట్ట మబ్బులో మునిగి, పైన దర్గా ఒక్కటే తేలుతూ ఉంటుంది. దాన్ని చూస్తూ నువ్వు నీ వరండాలో కూర్చుని ఉంటావని అనుకుంటాను. మొన్న నానికి ఒక కల వచ్చింది. సముద్రం మెల్లగా లాలాగూడ స్టేషన్ ప్లాట్‌ఫారం మీదికి వచ్చి, బెంచీ మీద కూర్చుందట. "ఏ బండికమ్మా?" అని నాని అడిగిందట. "ఏ బండి ముందొస్తె ఆ బండికి" అందట.

వచ్చే నెల మా ప్రాజెక్టుల మీద క్లాసులో మాట్లాడాలి. నీ ఉత్తరాల్లోంచి కొంచెం చదవనా? సముద్రం చూసిన మనిషి ఒక్కరైనా ఉండాలని సార్ అన్నారు. వద్దంటే చదవను. జవాబులో రాయి.

జబీన్


ఉప్పాడ,
అక్టోబర్ 30.

జబీన్,

చదువు, పరవాలేదు.

ఇవాళ పొద్దున్న కళ్లు తెరిచేసరికి మా గది పైకప్పు నిండా వెలుగు కదులుతోంది. వలలాగా. చిక్కులు పడుతూ విడిపోతూ, మళ్లీ పడుతూ. ఎండ నీళ్ల మీద పడి కిటికీలోంచి పైకి ఎగిరింది. చాలాసేపు కదలకుండా పడుకుని చూశాను. అమ్మ వచ్చి నా పక్కన కూర్చుని తనూ చూసింది. అంత అందమైనది నేనింతవరకూ చూడలేదు.

ఎక్కువ రాయలేను ఇవాళ.

బ్యూలా


లాలాగూడ,
నవంబర్ 15.

బ్యూలా,

ఇది అందగానే జవాబు రాయి. లేదంటే మీ అమ్మ ఫోన్ నుంచి మా అమ్మీకి చెయ్యి. అమ్మీ నాలుగుసార్లు చేసింది, మీ అమ్మ ఫోను కలవడం లేదు.

నిన్న క్లాసులో నీ ఆఖరి ఉత్తరం చదివాను. పైకప్పు మీద వెలుగు వల అనగానే అందరూ తలలెత్తి మా క్లాసు పైకప్పు వైపు చూశారు. నాకు గర్వంగా అనిపించింది. సార్ మాత్రం కిటికీ దగ్గరి నుంచి వచ్చి, "మొదటి ఉత్తరం కూడా చదువు జబీన్" అన్నారు. చదివాను. తోపు, రోడ్డు, ఇసుక, పడవలు.

"ఇప్పుడు రెండోది."

చదివాను.

"పైకప్పు మీద నీళ్ల వెలుగు పడాలంటే నీళ్లు ఎక్కడుండాలి?" అని అడిగారు.

"కిటికీ కింద సార్."

"మొదటి ఉత్తరంలో ఎక్కడున్నాయి?"

రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి చూశాను. తోపు అడ్డం లేదన్నావు. ఎక్కడికి పోయింది తోపు? రోడ్డేమైంది? ఇల్లు మారారా అని నేను నవ్వుతూ అడిగాను కూడా! ఇన్ని నెలలూ నేను నీ ఉత్తరాలు చదివి దిండు కింద పెట్టుకుని కలలు కన్నాను.

సార్ తెర మీద మీ ఊరి మ్యాపు వేశారు. పాతదీ కొత్తదీ. చూడలేక తల దించుకున్నాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, నీ దగ్గర దాచలేను. క్లాసయ్యాక సార్ "నీ ప్రాజెక్టు ఇదే జబీన్. తీరం కోత, ఒక స్నేహితురాలి ఇల్లు. ప్రపంచమంతా వినాల్సిన విషయం. నీ గది మధ్యలో ఆ ఉత్తరాలు పెట్టు" అన్నారు. ఆయన మంచివారే బ్యూలా. ఆయన కళ్లు కూడా తడిగా ఉన్నాయి. నేను నిన్ను అడిగి చెప్తానన్నాను.

అదంతా తర్వాత. ముందు నువ్వెక్కడున్నావో చెప్పు.

జబీన్


కొత్తపల్లి,
డిసెంబర్ 4.

జబీన్,

అవును.

ఆగస్టు తుఫానుకి తోపు పోయింది. రోడ్డు అంతకుముందే సగం విరిగి ఉండేది. వంటింటి గోడ నవంబర్ మొదటి వారంలో పడిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. అమ్మా నేనూ కొత్తపల్లిలో ఒక గది తీసుకుని ఉంటున్నాం. అమ్మ ఫోను ఆ గోడతోపాటే పోయింది.

నాన్న రాలేదు. చర్చి ఇంకా ఉంది, ముందు మెట్లు లేవు. ఇంకా కొన్ని కుటుంబాలు అక్కడే ఉన్నాయి, చిన్నబ్బాయి మావయ్య వాళ్లూ ఉన్నారు. అమ్మ రోజూ ఏడుస్తుంది. "ఏవండీ, పిల్లకి పరీక్షలండీ, మీరు కూడా వచ్చెయ్యండి" అంటుంది. నాన్న ఒకటే మాట, "గొర్రెలు అక్కడుంటే కాపరి ఇక్కడెలా ఉంటాడు దేవకృపా?" నేను బడికి వెళ్లేముందు ఆటోలో ఆ దారిన వెళ్లి చర్చి నిలబడి ఉందో లేదో చూసి వెళ్తాను. సిలువ కనిపిస్తే బడికి. అప్పుడే ఆటో అతనికి "పదండి" అంటాను.

నేను నీకు అబద్ధం ఒక్కటి కూడా రాయలేదు. మళ్లీ చదువుకో. వెలుగు వల నిజంగానే అంత అందంగా ఉంది. అమ్మ నా పక్కన కూర్చుని చూసింది కూడా నిజమే. అదే రోజు మేము మంచాలు బయటికి తెచ్చేశాం, అది రాయలేదు, అంతే.

ఎందుకు రాయలేదంటావు. ఇక్కడికి కెమెరాలు పట్టుకుని వస్తారు, ఫైళ్లు పట్టుకుని వస్తారు. అందరూ ఎంత పోయిందని అడుగుతారు. ఇంకెంత పోతుందని అడుగుతారు. నువ్వొక్కదానివే అది ఎలా ఉంటుందని అడిగావు. నీకు రాస్తున్నంతసేపూ అది నేను కొత్తగా వచ్చినప్పుడు చూసిన సముద్రంలా ఉండేది. నాకు దాని మీద కోపం ఉండేది కాదు. కవరు అంటించాక మళ్లీ వచ్చేది. నీకు నిజం చెప్తే ఆ కాస్త చోటు కూడా పోతుందనిపించింది.

మీ సార్‌కి చెప్పు. మా ఇల్లు ఎవరి ప్రాజెక్టూ కాదు. నేను మీ గది మధ్యలో ఉండను. నా ఉత్తరాలు ఇంకెవరికీ చదవొద్దు. చదువు, పరవాలేదు అని నేనే రాశాను, ఇప్పుడు వద్దంటున్నాను. నీకు కోపం వస్తే రానీ.

బ్యూలా


లాలాగూడ,
డిసెంబర్ 13.

బ్యూలా,

కోపం రాలేదు. ఉత్తరం చదివి నాని ఒళ్లో తలపెట్టుకుని పడుకున్నాను. నాని ఏమైందని అడగలేదు, జుట్టులో వేళ్లు పెట్టి దువ్వుతూ కూర్చుంది. తర్వాత అంతా చెప్పాను. "మొగోడు మొండికేస్తె సముద్రం గూడ ఏం జెయ్యలేదు గని, అల్లా ఆయన్ని సల్లగ జూడాలె" అంది. ఇప్పుడు రోజూ ఐదు పూటలా మీ నాన్న పేరు చెప్పి దువా చేస్తోంది. పేతురు అన్న మాట నోరు తిరక్క "పీతురు సాబ్" అంటుంది. అల్లాకి అర్థమవుతుందిలే.

సోమవారం సార్ గదికి వెళ్లాను. "సార్, ఆ టాపిక్ నేను చెయ్యను" అన్నాను.

"అలా ఎందుకనుకుంటున్నావు?" అన్నారు, అలవాటుగా.

"ఆమె వద్దన్నది సార్."

"నీ రిపోర్టు బలం తగ్గుతుంది. తెలుసు కదా?"

"తగ్గనీయండి సార్."

ఆయన గది గోడ మీద పెద్ద పోస్టర్ ఉంటుంది. ఈ ప్రోగ్రాంలో చదివే పిల్లలు ఎలా ఉండాలో రాసి ఉంటుంది, విశాలమైన మనసు, దయ, ధైర్యం, అలా. ఆయన దాని వైపు చూడలేదు, నేనూ చూడలేదు. నాకు కుర్చీ జరిపి "తప్పు నాదే జబీన్" అన్నారు. "నాకు మ్యాపు కనబడ్డది. నీ ఫ్రెండ్ కనబడలే. నిన్ను అంతమంది ముందు నిలబెట్టి అడగాల్సింది కాదు. ఆమెకి నా తరఫున సారీ చెప్తవా?"

చెప్తానన్నాను. చెప్తున్నాను.

నీ ఉత్తరాలన్నీ ఇంటికి తెచ్చేశాను. నా గదిలో సముద్రం చూడనివాళ్లు మాత్రమే ఉంటారు.

అమ్మీ అంటోంది, "ఇంతిహాన్లు అయినంక పిల్లను తోల్కరమ్మని జెప్పు. ఇల్లు చిన్నదే గని మనుషులకు జాగ తక్కువ లేదు" అని. పరీక్షలు అయ్యాక వస్తావా? రానంటే బలవంతం లేదు. నాకు నువ్వు రాస్తూ ఉంటే చాలు. ఏది రాయాలనుకుంటే అది రాయి. అందమైనది రాయాలనిపిస్తే అదే రాయి. రాసిందీ రాయనిదీ, నేను రెండూ చదువుకుంటాను.

జబీన్


కొత్తపల్లి,
మార్చి 29.

జబీనూ,

చివరి పరీక్ష నిన్నటితో అయిపోయింది. ఇన్నాళ్లూ ముక్కలు ముక్కలుగా రెండేసి వాక్యాలు రాశాను, ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

నాన్న వచ్చేశారు. ఎలా వచ్చారో వింటే నమ్మవు. పోయిన నెల ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చిన్నబ్బాయి మావయ్య తలపాగా తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నేనూ అమ్మా అక్కడే ఉన్నాం.

"అయ్యగారూ, ఓ మాటండి. ఏవీ అనుకోకండి."

"చెప్పు చిన్నబ్బాయీ."

"మాకు కొత్తపల్లి అవతల చోటు చూసుకుని శానా రోజులైందండి. ఎల్లిపోదావనే ఉందండి అందరికీని."

"మరి వెళ్లలేదేం?"

"మీరున్నారు కదండి. మిమ్మల్నొక్కరినీ ఒగ్గేసి ఎలా ఎల్తావండి? అయ్యగారు కదిలితే కదుల్దావని సూత్తన్నావండి."

నాన్న వాళ్ల కోసం ఉన్నారు. వాళ్లు ఆయన కోసం ఉన్నారు. అన్ని నెలలూ కిటికీల్లోకి తుంపర కొడుతుంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు జబీన్! అమ్మ ముందు నవ్వింది. ఆ నవ్వు ఆగలేదు, ఏడుపైపోయింది, మళ్లీ నవ్వైంది. అందరూ నవ్వారు. నాన్న బల్ల మీద కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. సాయంత్రానికల్లా అందరూ కలిసి బల్లలు, తబలా, గంట ఎత్తి పడవల్లో కాదు, ట్రాక్టర్లో వేసుకొచ్చాం. చర్చి తర్వాత పది రోజులు కూడా నిలవలేదు. మేమెవ్వరం చూడలేదు అది పడిపోవడం. చూడకపోవడమే మంచిదైంది.

గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు తీశారు నాన్న. నన్ను దింపి, మీ ప్రదర్శన చూసి వెళ్తానంటున్నారు. నన్ను ఎవరికీ పరిచయం చెయ్యకు. ఉత్త స్నేహితురాలినని చెప్పు.

బ్యూలా


కొత్తపల్లి,
ఏప్రిల్ 27.

జబీనూ,

రైలు దిగిన దగ్గర్నుంచీ అమ్మకి మీ ఇంటి సంగతులే చెప్తున్నాను. అమ్మ అడుగుతూనే ఉంది.

నీ గది గురించి నీతో అక్కడ ఏమీ అనలేదు నేను. అందరూ ఉన్నారు, నువ్వు అటూ ఇటూ పరుగెడుతున్నావు. ఇప్పుడు చెప్తాను. తలుపు దగ్గర ఇస్త్రీ బట్టల్లో మౌలా అలీ తాత నిలబడి, వచ్చినవాళ్లందరికీ తన సముద్రాన్ని మళ్లీ మొదట్నుంచి నోటితో చెప్పడం మొదలుపెట్టాడు చూశావా, నీ రికార్డు ఎవరినీ విననివ్వలేదు! జగదాంబ పూలబుట్టతోనే వచ్చి, తన గొంతు తానే విని, "గిది నేనా? గింత బొంగురు గొంతా నాది?" అని అందరి మీదా విరుచుకుపడింది. నేను చాలా రోజుల తర్వాత కడుపు పట్టుకుని నవ్వాను.

నాన్న మీ నాని సముద్రం దగ్గర చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని నిలబడ్డారు. ఎంతసేపటికీ కదల్లేదు. వెనక వాళ్లు ఆగి ఉన్నారని నేను వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. తీసి నాకిచ్చి, "అన్నాళ్లూ పక్కనే ఉన్నానమ్మా. నాకు అది మీదికి రావడమే కనిపించింది. వంగడం కనిపించలేదు" అన్నారు. స్టేషన్‌కి ఆయన్ని దింపడానికి వెళ్తున్నప్పుడు ఆటోలో కూడా దాని గురించే మాట్లాడారు.

మీ సత్యదేవ్ సార్ నన్ను గుర్తుపట్టారనుకుంటాను. దగ్గరికొచ్చి, ఏమీ అడక్కుండా, నీళ్ల సీసా ఇచ్చి వెళ్లిపోయారు. రిపోర్టు సన్నగా ఉందన్నారని మీ అమ్మీ చెప్పింది. నువ్వు నాకు చెప్పలేదు.

అసలు రాయాలనుకున్నది ఇది. ప్రదర్శన అయ్యాక ఇంటికొచ్చి భోంచేశాం. మీ నాని నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుని, "ఇగ జెప్పు బిడ్డా. నువ్వైతె నిజంది జూసినవ్. నేను జెప్పింది కరెక్టేనా? గట్లనే ఉంటదా?" అని అడిగింది. అంత ఆశగా చూస్తుంటే నేను అన్నీ చెబుదామనే నోరు తెరిచాను. పెద్ద ఆవులింత వచ్చింది. నాకు సిగ్గేసింది. ఆవిడ నవ్వి, "పో, ముందుగాల జెర పండుకో" అని తన దుప్పటి తీసి ఇచ్చింది.

ఆ మధ్యాహ్నం నేను నిద్రపోయాను జబీన్. నీకిది పెద్ద విషయంలా అనిపించదేమో. నేను నీకు ఎన్నడూ రాయలేదు, అమ్మకి కూడా చెప్పలేదు. తోపు పోయిన రోజు నుంచీ నేను ఒక చెవి తెరిచే పడుకుంటున్నాను. కొత్తపల్లి వచ్చాక కూడా. అక్కడికి అలల చప్పుడు రాదు, అయినా వింటూనే ఉంటాను.

మీ ఇంట్లో మెలకువ వచ్చేసరికి సాయంత్రమైపోయింది. ఎక్కడున్నానో కాసేపు తెలియలేదు. వెనక పట్టాల మీద బండి ఏదో వెళ్తోంది, అది అయిపోయింది. అవతలి గదిలో మీ నాని ఎవరినో కోప్పడుతోంది, "మెల్లగ! పిల్ల పండుకుంది, జెర మెల్లగ మాట్లాడుండ్రి" అని. నువ్వేదో గుసగుసగా అన్నావు. గిన్నె మీద మూత పెట్టిన చప్పుడైంది. ఉల్లిపాయలు వేగుతున్న వాసన వచ్చింది.

లేవొచ్చు. నేను లేవలేదు. కళ్లు మూసుకుని అలాగే పడుకున్నాను. దేనికోసమూ వినక్కర్లేకపోయింది.

నీ
బ్యూలా